బ్రూనికెల్ గుహలోని రాతి వలయం: 1:10 నమూనా పని డైరీ

మా ఊరి హైస్కూల్లో సోషల్ గదికి నియాండర్తల్ మనుషుల (ఒకప్పుడు యూరప్‌లో బతికి అంతరించిపోయిన మానవజాతి) కట్టడాలు, నివాసాల గురించి ఒక నమూనా తయారుచేస్తున్నాం. పని ఇంకా కొంచెం మిగిలే ఉంది. ఇంకెవరైనా చేయాలనుకుంటే పనికొచ్చేలా కొలతలు, మిశ్రమం పాళ్లు, ఏది విరిగింది, ఏది మార్చాం అన్నవి దశలవారీగా రాస్తున్నాను. ఖర్చు, ముక్కల లెక్క ప్రతి దశ చివర ఉంటాయి.

నమూనాకు ఎంచుకున్నది ఫ్రాన్స్ నైరుతి భాగంలోని బ్రూనికెల్ గుహ. దాని ముఖద్వారం ఎప్పుడో మంచుయుగంలోనే కూలి మూసుకుపోయింది. 1990లో స్థానిక గుహాన్వేషకులు దారి చేసుకుని లోపలికి వెళ్లారు. ద్వారం నుంచి 336 మీటర్ల లోపల, పగటి వెలుగు అసలు చేరని చోట, విరగ్గొట్టిన స్టాలగ్‌మైట్ ముక్కలతో పేర్చిన వలయాలు కనిపించాయి. నేల నుంచి పైకి పెరిగే సున్నపురాతి స్తంభాలే స్టాలగ్‌మైట్లు. బొర్రా గుహలు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. (అక్కడి ముక్క ఒకటి తెచ్చుకుంటే పని తేలిక కదా అని ఒక కుర్రాడు అడిగాడు. వద్దు. వేల ఏళ్లకు పెరిగినవి అవి. పైగా నేరం.)

దశ 1: కొలతలు

2016లో జాక్ జోబెర్, సోఫీ వెర్హేడెన్, డొమినిక్ జాంతీల బృందం 'నేచర్' పత్రికలో ప్రచురించిన అంకెలే మాకు ఆధారం:

1. పెద్ద వలయం: 6.7 × 4.5 మీటర్లు.
2. చిన్న వలయం: 2.2 × 2.1 మీటర్లు.
3. నాలుగు గుట్టలు: వ్యాసం 0.55 నుంచి 2.6 మీటర్ల దాకా. రెండు పెద్ద వలయం లోపల, రెండు బయట.
4. ముక్కలు: సుమారు 400. వరుసగా పేరిస్తే 112 మీటర్లు. బరువు సుమారు 2.2 టన్నులు.
5. ముక్కల సగటు పొడవు: పెద్ద వలయంలో 34.4 సెం.మీ., చిన్నదానిలో 29.5 సెం.మీ.

స్కేలు దగ్గర కొంత తర్జనభర్జన జరిగింది. 1:20 అయితే ముక్కలు ఒకటిన్నర సెంటీమీటరుకు వస్తాయి, వేళ్లతో పేర్చలేం. 1:5 అయితే పెద్ద వలయం ఒక్కటే 1.34 మీటర్లు, చుట్టూ గుట్టలతో కలిపితే బల్ల గది తలుపులోంచి పట్టదు. 1:10 దగ్గర ఆగాం. ఇందులో ఇంకో సౌకర్యం: పొడవు పదోవంతయితే బరువు వెయ్యోవంతవుతుంది. అసలు వలయాలు 2.2 టన్నులు కాబట్టి, అదే సాంద్రత ఉన్న పదార్థంతో చేస్తే నమూనా 2.2 కిలోలు తూగాలి. చేసింది సరిగ్గా ఉందో లేదో వంటింటి కాటా మీదే తెలిసిపోతుంది.

ముక్కల మందం మాత్రం పై అంకెల్లో లేదు. అదీ లెక్కతోనే వచ్చింది. స్టాలగ్‌మైట్ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.6 గ్రాములు అనుకుంటే, 2,200 కిలోలంటే 0.846 ఘన మీటర్లు. దాన్ని 112తో భాగిస్తే అడ్డుకోత వైశాల్యం, దాన్నుంచి వ్యాసం 9.8 సెం.మీ. నమూనాలో 10 మిల్లీమీటర్లు పెట్టుకున్నాం. ఒక్కో అసలు ముక్క సగటున ఐదున్నర కిలోలు.

ఇంకో విషయం కూడా ఇక్కడే బయటపడింది. 112 మీటర్లను 400తో భాగిస్తే సగటు 28 సెం.మీ. రెండు వలయాల సగటులూ దీనికన్నా ఎక్కువే. అంటే పొట్టి ముక్కలన్నీ ఎక్కువగా గుట్టల్లోకి వెళ్లాయని నా అంచనా. వలయాలకు పొడుగువి ఏరి పెట్టారన్నమాట. దీన్ని పట్టుకునే నమూనాలో పంపకం ఇలా చేసుకున్నాం: పెద్ద వలయానికి 180, చిన్నదానికి 50, గుట్టలకు 170. ఇది తవ్వకంలో ఎంచిన లెక్క కాదు, మేం వేసుకున్నది. గుట్టల ముక్కలు సగటున 21 మి.మీ. ఉంటేనే మొత్తం 11.2 మీటర్లకు సరిపోతుంది.

ఇప్పటిదాకా: ముక్కలు 0/400. ఖర్చు 600 రూపాయలు (4 × 3 అడుగుల ప్లైవుడ్ బల్ల).

దశ 2: డాబా మీద అసలు సైజు గీత

నమూనా మొదలుపెట్టకముందే అసలు సైజు కళ్లతో చూడాలనిపించింది. బల్ల మీద 67 సెం.మీ. చూస్తే పిల్లలకు ఏమీ తట్టదు.

1. డాబా మీద 4.96 మీటర్ల దూరంలో రెండు ఇటుకలు పెట్టి, వాటికి రెండు మేకులు కట్టాలి.
2. 11.66 మీటర్ల పురికొసను ముడివేసి రెండు మేకుల చుట్టూ తిప్పాలి.
3. పురికొసను బిగువుగా లాగి పట్టుకుని, చాక్‌పీస్‌తో చుట్టూ తిరిగి గీయాలి. 6.7 × 4.5 అండాకారం వస్తుంది.

అసలు వలయం ఇంత నున్నటి అండాకారం కాదు. పరిమాణం తెలియడానికి ఇది చాలు. లోపలి వైశాల్యం 23.7 చదరపు మీటర్లు, మన లెక్కలో 255 చదరపు అడుగులు. చుట్టుకొలత 17.8 మీటర్లు.

గీత మీద ఇసుక నింపిన సంచులు పెట్టి చూశాం, ఒక్కోటి ఐదున్నర కిలోలు. పేర్చడం కష్టమేం కాలేదు. రెండు చేతులూ సంచికి పోతే దీపం ఎవరు పట్టుకోవాలన్నదే ప్రశ్న. రాత్రిపూట డాబా లైట్లు ఆపేసి చేసినప్పుడు ప్రతి జతకీ ఒక దీపం మనిషి కావాల్సి వచ్చింది. 336 మీటర్ల లోపల ఆ పని చేసినవాళ్లకు వెలుగును నిలబెట్టే పనీ, మోసే పనీ, పేర్చే పనీ పంచుకోక తప్పదు. ఒక్కడు సరదాకి చేసిన పని కాదని పిల్లలకు నేను వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

దశ 3: పోతపోయడం (ఎక్కువ నష్టం ఇక్కడే)

మొదట ప్లాస్టర్ ఆఫ్ పారిస్ (పీవోపీ). అచ్చుకి మేస్త్రీలు వాడే లెవెల్ పైపు తీసుకున్నాం, లోపలి వ్యాసం 10 మి.మీ. దాన్ని 30 సెం.మీ. ముక్కలుగా కోసి, నిలువునా చీల్చి, లోపల కొబ్బరినూనె రాసి, టేపు చుట్టి, అడుగున మైనం పెట్టాం.

ఏం జరిగింది:

- పీవోపీ కప్పులోనే గట్టిపడిపోతోంది. సగం పైపులు నిండేసరికి మిగతాది పారేయాల్సిందే.
- పై నుంచి పోస్తే గాలి బుడగలు చిక్కుకున్నాయి. అచ్చు విప్పగానే కడ్డీ సరిగ్గా బుడగ దగ్గర విరిగింది.
- 10 మి.మీ. మందానికి 30 సెం.మీ. పొడవు ఎక్కువ. బుడగ లేని కడ్డీలు కూడా విప్పేటప్పుడు విరిగాయి.
- బరువు తేలిపోయింది. 15 సెం.మీ. కడ్డీ ఆరాక 13 గ్రాములు, అంటే సాంద్రత 1.1. మొత్తం నమూనా కిలో కూడా తూగదు.

బరువు దగ్గరే పీవోపీని వదిలేశాం. తేలిక ముక్కలు పేరిస్తే ఎలా నిలబడతాయో, బరువైనవి అలా నిలబడవు. పేర్పు పరీక్ష మొత్తం అబద్ధమైపోతుంది.

రెండోది తెల్ల సిమెంటు, రాతి ముగ్గు. గుల్ల ముగ్గు తేలిక, అది వద్దు. పాళ్లు, పద్ధతి:

1. తెల్ల సిమెంటు 1 పాలు, రాతి ముగ్గు 1 పాలు, ముందు పొడిగానే కలపాలి.
2. నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ దోసెపిండి జారుడు వచ్చేదాకా కలపాలి. ఇంకా పల్చనైతే ముగ్గు అడుక్కు దిగి కడ్డీ ఒక కొన మెత్తగా వస్తుంది.
3. సూది లేని 50 మి.లీ. సిరంజితో అడుగు నుంచి పైకి ఎక్కించాలి. గాలి పైనుంచి పోతుంది. బుడగల బెడద దీంతో దాదాపు తీరింది.
4. పైపు పొడవు 15 సెం.మీ. దాటకూడదు.
5. ఒక రోజు అచ్చులో ఉంచి, విప్పాక మూడు రోజులు నీళ్లలో నానబెట్టాలి. నానబెట్టని కడ్డీలు గోరుతో గీస్తే రాలాయి.

15 సెం.మీ. కడ్డీ 22.4 గ్రాములు, సాంద్రత 1.9. అసలు రాయి కన్నా తక్కువే అయినా పీవోపీతో పోలిస్తే చాలా నయం.

అన్నీ ఒకే మందం ఉంటే మిల్లులో చేసిన సరుకులా కనిపిస్తున్నాయని 8, 10, 12 మి.మీ. పైపులు 1:2:1 పాళ్లలో కలిపాం. సగటు వైశాల్యం 10 మి.మీ. కడ్డీకి దగ్గరగానే వస్తుంది కాబట్టి లెక్క చెడదు.

ఇప్పటిదాకా: కడ్డీలు 11.2 మీటర్లు, విరిగిపోయేవాటికి అదనంగా పావు వంతు. ఖర్చు 795 రూపాయలు (పీవోపీ, పైపులు, సిమెంటు, ముగ్గు కలిపి 195).

దశ 4: ముక్కలు చేయడం

హాక్సా బ్లేడుతో కోస్తే కొనలు నున్నగా వచ్చాయి. గుహలోవి కోసినవి కాదు, విరగ్గొట్టినవి. పూర్తి స్టాలగ్‌మైట్లు కొద్దే, మిగతావన్నీ విరిగిన ముక్కలు. అందుకని బ్లేడుతో చుట్టూ సన్నగా గాటు పెట్టి, బల్ల అంచు మీద పెట్టి విరిచాం. కొన గరుకుగా, కొంచెం ఏటవాలుగా వస్తుంది.

పొడవు కొలవడానికి చెక్కలో మూడు గాడులు చేసుకున్నాం: 34, 29, 21 మి.మీ. గాడిలో సరిగ్గా పట్టాలని పట్టుబట్టలేదు, అటూ ఇటూ నాలుగైదు మిల్లీమీటర్లు వదిలేశాం. ప్రతి యాభై ముక్కలకూ ఒకసారి అన్నీ వరుసగా పేర్చి టేపుతో సగటు చూసుకున్నాం. పెద్ద వలయం కుప్ప మొదట 36.8 వచ్చింది, పొడుగువి తీసి గుట్టలకు విరిచేస్తే 34.6కు దిగింది.

ఇప్పటిదాకా: ముక్కలు 400/400. పొడవు 11.2 మీటర్లు. బరువు 1.68 కిలోలు (సాంద్రత 1.9కి లెక్క ప్రకారం 1.70 రావాలి). ఖర్చు మారలేదు.

దశ 5: జిగురు లేకుండా పేర్చడం

ఈ నమూనాలో అసలు పని ఇదే. తొందరపడి ఫెవికాల్ పూస్తే తెలుసుకోవాల్సింది ఏమీ మిగలదు.

గుండ్రటి ముక్కలు ఒక వరుస నిలిచాయి. రెండో వరుస కొన్నిచోట్ల నిలిచింది. మూడోది పెట్టగానే కిందవి పక్కకు దొర్లి వలయం విచ్చుకుపోయింది. లోపలి వంపు వైపు కాదు, ఎప్పుడూ బయటి వైపుకే. వంపు ఎక్కువగా ఉన్న రెండు కొనల దగ్గర ఇంకా త్వరగా.

స్కూలు ప్రహరీ పని చేస్తున్న మేస్త్రి ఒకాయన చూసి, "సార్, సందులో చిన్న ముక్క దూర్చందే పైది నిలవదు. బయట ఒక నిలువు ఆనించండి" అన్నాడు. ఆయనకు బ్రూనికెల్ సంగతి తెలియదు. పరిశోధకులు గుహలో చూసిందీ ఇదే: ఒకటి నుంచి నాలుగు వరుసల దాకా పేర్పు, వరుసల మధ్య ఆనుగా పెట్టిన పొట్టి ముక్కలు, బయట నిలువుగా ఆనించిన ముక్కలు.

మేం తేల్చిన క్రమం:

1. కింది వరుసలో పక్కపక్కన రెండు ముక్కలు, మధ్య 2 నుంచి 3 మి.మీ. సందు.
2. ఆ సందులోకి 10 నుంచి 12 మి.మీ. పొట్టి ముక్క, దొర్లకుండా.
3. పై వరుస ముక్క కింది రెండు ముక్కల అతుకు మీదకు రావాలి.
4. మూడో వరుస ఎక్కించే ముందే బయటి నిలువు ఆనింపులు పెట్టాలి. తర్వాత పెడితే తగిలి అంతా పడుతుంది.
5. నాలుగో వరుస కొద్దిచోట్ల మాత్రమే.

ఈ క్రమంలో వలయం జిగురు చుక్క లేకుండా నిలబడింది. బల్లను ఒక పక్క వేలెడెత్తు లేపినా చెదరలేదు. ఆనింపులు తీసేసి అదే చేస్తే ఒక కొన జారింది.

ఎత్తు కొలిస్తే నాలుగు వరుసల చోట 39 మి.మీ. అసలు సైజులో 40 సెం.మీ. లోపు, అంటే మోకాలికి కిందే. నియాండర్తల్ పురుషుల ఎత్తు సుమారు 165 సెం.మీ. అందుకే 16.5 సెం.మీ. తీగ బొమ్మ ఒకటి చేసి వలయం బయట నిలబెట్టాం. చూడగానే ఇది గోడ కాదని తెలుస్తుంది. లోపల మాత్రం బొమ్మలేమీ పెట్టలేదు. ఆ గదిలో మనిషి ఎముకలు గానీ, రాతి పనిముట్లు గానీ దొరకలేదు. ఆ కాలానికి యూరప్‌లో ఉన్నది నియాండర్తల్ మనుషులే కాబట్టి వాళ్ల పని అంటున్నాం. ఎలుగుబంట్లు ఆ గుహలో నిద్రపోయిన గుంటలు ఉన్నాయి గానీ, పొడవు చూసి ముక్కలు ఏరడం ఎలుగుబంటి పని కాదు.

ఇప్పటిదాకా: 400 ముక్కలూ పేర్పులో. ఖర్చు 895 రూపాయలు (పేర్పు ఖాయమయ్యాక ఫెవికాల్ 100).

దశ 6: మంట జాడలు

గుహలోని ఆరు నిర్మాణాల్లోనూ (రెండు వలయాలు, నాలుగు గుట్టలు) నిప్పు జాడలున్నాయి: 57 ముక్కలు ఎర్రబడ్డాయి, 66 నల్లబడ్డాయి. కాలిన ఎముక కూడా దొరికింది.

నిజంగా కాల్చి చూద్దామని ఒక కడ్డీని స్టవ్ మంట మీద పట్టుకున్నాం. ఎర్రబడలేదు, టప్పున పెచ్చు లేచి ఎగిరింది. సిమెంటులో మిగిలిన తడి ఆవిరై పగలగొడుతుంది. కళ్లద్దాలు లేకుండా ఎవరూ చేయొద్దు, అసలు చేయకపోవడమే మంచిది. బదులుగా ఎరుపుకి గడపలకు పూసే జాజు నీళ్లలో కలిపి, నలుపుకి దీపం మసి. పెయింట్ వాడితే నిగనిగలాడింది, గీకేశాం. జాజు ముందే గట్టిగా పూస్తే ఇటుక ముక్కలా తయారవుతుంది. పల్చటి పూత రెండుసార్లు చాలు.

ఇప్పటిదాకా: ఎరుపు 57, నలుపు 66. ఖర్చు 915 రూపాయలు.

దశ 7: వయసు చూపించే ముక్క

1995లో ఫ్రాంస్వా రుజో అనే పురావస్తు శాస్త్రవేత్త కాలిన ఎముకకు కార్బన్ పరీక్ష చేయిస్తే 47,600 ఏళ్ల కన్నా పాతదని మాత్రమే తేలింది. ఆ పద్ధతికి అంతకన్నా వెనక్కి చూసే శక్తి లేదు. 1999లో ఆయన చనిపోయాక పని చాలాకాలం ఆగింది. తర్వాతి బృందం యురేనియం-థోరియం పద్ధతి పట్టుకుంది (సున్నపు రాయిలోని యురేనియం ఎంతమేర థోరియంగా మారిందో కొలిచి వయసు లెక్కకట్టేది). విరిచిన ముక్క చివరగా ఎప్పుడు పెరిగిందో ఒక వయసు. పేర్చాక దాని మీద కొత్తగా కట్టిన సున్నపు పొర ఎప్పుడు మొదలైందో ఇంకో వయసు. కట్టింది ఈ రెంటి మధ్యే. 1,76,500 ఏళ్లు, అటూ ఇటూ 2,100.

దీన్ని చూపించడానికి మొదట నమూనా మొత్తం మీద పల్చటి పీవోపీ పోశాం, గుహలో ఉన్నట్టు పొర కడుతుందని. పొర కట్టింది గానీ సందుల్లోని పొట్టి ముక్కలన్నీ కప్పబడిపోయాయి. కష్టపడి తేల్చిన పేర్పే కనిపించకపోతే ఎందుకు? తడి ఆరకముందే బ్రష్షుతో కడిగేశాం. బయటి గుట్ట ఒక్కదాని మీదే పొర ఉంచాం. దాని పక్కన 12 మి.మీ. ముక్క ఒకటి నిలువునా కోసి, పాత కడ్డీకి బూడిద రంగు, పై పొర తెల్లగా వదిలేసి బల్లకు అంటించాం. పిల్లలు ఎక్కువగా వేలుపెట్టి చూసేది దీన్నే.

దశ 8: రెండో పళ్లెం

వలయం చూసిన ప్రతివాళ్లూ "ఓహో, ఇది వాళ్ల ఇల్లా?" అంటున్నారు. కాదు. వెలుగు లేని చోట, పనిముట్లు లేని చోట, మోకాలెత్తు కూడా లేని వలయం ఇల్లెలా అవుతుంది? లేబుల్ రాస్తే చదవరు. అందుకే అదే స్కేలులో అసలు నివాసస్థలం ఒకటి పక్కన పెట్టాం: స్పెయిన్‌లో బార్సిలోనా దగ్గర కాపెల్లాదెస్ ఊరిలోని ఆబ్రిక్ రొమానీ, కొండ అంచు కింద రాతి చూరు. 1909లో అమదోర్ రొమానీ గుర్తించాడు. 1983 నుంచి వరుసగా తవ్వకాలు జరుగుతున్నాయి. సున్నపు నీరు పొరపొరగా పేరుకుని పాత నేలలను విడివిడిగా భద్రపరిచింది. సుమారు 55,000 ఏళ్ల నాటి ఒక నేల మీద చిన్న చిన్న పొయ్యిలు గోడ వెంట దాదాపు సమాన దూరంలో వరుసగా ఉన్నాయి. గోడకూ పొయ్యికీ మధ్య పడుకునేవారని తవ్వినవాళ్ల నిర్ణయం.

2 × 1.5 అడుగుల ప్లైవుడ్ మీద థర్మకోల్ గోడ చెక్కి, పొయ్యిలు అయిదు, 10 సెం.మీ. ఎడంతో పెట్టాం. గోడకు, పొయ్యికి మధ్య మొదట 4 సెం.మీ. వదిలితే తీగ బొమ్మ అడ్డంగా పడుకోలేదు, గోడకు సమాంతరంగా పడుకుంటే వీపు ఆనుకుని నిప్పు మొహానికి తగులుతోంది. 7 సెం.మీ.కి మార్చాం. థర్మకోల్ మీద ఫెవికాల్ తప్ప ఇంకేదైనా జిగురు పూస్తే కరిగిపోవచ్చు, ముందు మూలన చూసుకోండి.

పరుపుకి ఎండు గరిక సన్నగా తరిగి వేశాం. ఇది ఊహ కాదు: ఉత్తర స్పెయిన్‌లోని ఎస్కియేయు గుహలో పొయ్యి చుట్టూ గడ్డి తాలూకు సూక్ష్మ సిలికా కణాలు పొరలుగా దొరికాయి. ఇజ్రాయెల్‌లోని కెబారా గుహలోనేమో పొయ్యిలు మధ్యలో, ఎముకల చెత్త గోడ పక్కకు. ఆ చెత్త కుప్ప కూడా ఈ పళ్లెంలోనే పెడదామన్నారు. వేరే దేశపు గుహను దీంట్లో కలపడం నాకు ఇష్టం లేకపోయింది, వదిలేశాం.

పొయ్యిలకు దీపావళి ఎల్ఈడీ దీపాలు పెడితే 1:10లో బిందెలంత కనిపించాయి. తీసేసి, 3 మి.మీ. పసుపు ఎల్ఈడీలు అడుగు నుంచి రంధ్రంలో దూర్చి, పైన మసి పూసిన ముగ్గు చల్లాం.

ఇప్పటిదాకా: ఖర్చు 1,190 రూపాయలు (ప్లైవుడ్ 150, థర్మకోల్ 80, ఎల్ఈడీలు, వైరు 45).

దశ 9: మోసుకెళ్లడం, మిగిలిన పని

ఆటోలో స్కూలుకు తీసుకెళ్తే పెద్ద బల్ల ఒక మూల వంగి, పెద్ద వలయం పడమటి కొన దగ్గర ఆరు ముక్కలు ఊడాయి. 12 మి.మీ. ప్లైవుడ్ 4 అడుగుల పొడవుకు చాలదు. కింద అడ్డంగా రెండు చెక్క రీపర్లు స్క్రూలతో బిగించాక వంగడం ఆగింది. రీపర్లు పాత బెంచీవి, ఖర్చు లేదు. ఊడిన చోట ముక్కలను అదే క్రమంలో (సందు ముక్క, ఆనింపు, పై వరుస) మళ్లీ పెట్టాం.

మిగిలినవి:

1. రెండు పళ్లేలకీ ఒకే 1 మీటరు స్కేలు పట్టీ, 10 సెం.మీ. పొడవు, నలుపు తెలుపు గళ్లు.
2. దుమ్ము పడకుండా మూత. యాక్రిలిక్ రేటు ఎక్కువ చెప్పారు. కిటికీ అద్దాల షాపులో మిగులు ముక్కలు అడగాలి.
3. విడిగా ఒక డబ్బాలో యాభై అదనపు ముక్కలు, ఫెవికాల్ లేకుండా. పిల్లలు తామే మూడు వరుసలు నిలబెట్టి చూడటానికి.